పోస్టర్ మీద అయిదు బ్యాండ్లు, వినిపించేవి రెండు: మెటల్ కచేరీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు, వేదికల యజమానులకు నమస్కారం.

హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో ఒకే సాయంత్రం నాలుగైదు బ్యాండ్లతో డెత్ మెటల్, బ్లాక్ మెటల్, గ్రైండ్‌కోర్ (హెవీ మెటల్ రాక్ సంగీతంలో అతి తీవ్రమైన ఈ శాఖల్నే ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంటాం) కచేరీలు ఏర్పాటు చేస్తున్న మీకు, టికెట్ కొనుక్కుని వచ్చి మొదటి బ్యాండ్ మొదటి పాట నుంచి చివరి బ్యాండ్ చివరి పాట దాకా నిలబడి వినే ఒక శ్రోతగా ఈ లేఖ రాస్తున్నాను. ఈ సంగీతంలో మన దగ్గర మిగిలేది పెద్దగా ఏమీ ఉండదనీ, మీలో చాలామంది సొంత జీతంలోంచి, స్నేహితుల దగ్గర తెచ్చిన చేబదుళ్లలోంచి హాలు అద్దె కడుతున్నారనీ మాకు తెలుసు. అందుకే టికెట్ ధర గురించి గానీ, ఏ బ్యాండ్‌ను పిలిచారు, ఏ బ్యాండ్‌ను పిలవలేదన్న దాని గురించి గానీ ఇక్కడ ఎత్తబోవడం లేదు. నా అభ్యర్థన ఒక్కటే. ఏ బ్యాండ్ ఎన్ని గంటలకు వేదిక ఎక్కుతుందో, ఎన్ని గంటలకు దిగుతుందో ముందుగానే ప్రకటించండి, ప్రకటించిన దానికి కట్టుబడండి. చెవులు చిల్లులు పడే గజిబిజి శబ్దం, మధ్యలో తెగిపోయే సెట్లు (ఒక్కో బ్యాండ్ తన వంతులో వాయించే పాటలు), తలుపుల దగ్గర తోపులాట, ఇవన్నీ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ చాలావరకు మధ్యాహ్నం పోగొట్టుకున్న గంట దగ్గరే వాటి మూలం ఉంటుంది.

మన దగ్గర ఈ కచేరీలకు ఒక చరిత్ర ఉంది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్రిటిష్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు దేశం నలుమూలల నుంచి జనం రైళ్లలో, బస్సుల్లో వచ్చారు. ఆ ఊరు మన దేశపు మెటల్‌కు రాజధాని అన్న పేరు అక్కడి నుంచే స్థిరపడింది. 2012లో మొదలైన బెంగళూరు ఓపెన్ ఎయిర్ ఉత్సవం విదేశీ బ్యాండ్లను, మన బ్యాండ్లను ఒకే వేదిక మీదికి తెచ్చింది. జర్మనీలోని వాకెన్ ఉత్సవానికి మన దేశం నుంచి ఒక బ్యాండ్‌ను పంపే పోటీకి దారి చూపింది. 1998లో బెంగళూరులో పుట్టిన క్రిప్టోస్ 2013లో వాకెన్‌లో వాయించింది. డెత్ మెటల్‌లో హైదరాబాద్ పేరు చెప్పుకోవడానికి గాడ్‌లెస్ లాంటి బ్యాండ్ ఉంది. ఇలా పేరు తెచ్చుకున్న బ్యాండ్లేవీ మొదటి రోజునే రాత్రి తొమ్మిదింటికి నిండు హాలు ముందు వేదిక ఎక్కలేదు. సాయంత్రం నాలుగున్నరకు, సగం కూడా నిండని హాల్లో, పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో పేరు పడిన బ్యాండ్‌గానే ప్రతి ఒక్కటీ మొదలవుతుంది. మీ ఆలస్యం ముందుగా తినేసేది ఆ నాలుగున్నర సెట్‌నే.

రాత్రి పది గంటల గడువు మీకు కొత్తేమీ కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉన్న ప్రాంగణాల్లో తప్ప లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాల్లో రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు గానీ అది ఏడాది మొత్తానికి పదిహేను రోజులకు మించరాదు, ఆ పదిహేను రోజుల్లో మన డెత్ మెటల్‌కు వాటా దక్కుతుందని ఆశపడడం అత్యాశే. హాలు మూసి ఉన్నా పూర్తి రక్షణ లేదు. బాస్ డ్రమ్, బాస్ గిటారు పుట్టించే కింది స్థాయి శబ్దం గోడల్ని, రేకుల కప్పుల్ని దాటి పక్కింటి కిటికీ అద్దాల దాకా పోతుంది; ఆ ఇంటాయన ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు, వస్తే ఆపమనే చెబుతారు. ఈ విషయంలో పోలీసుల మీద గానీ, పక్కింటాయన మీద గానీ నాకు ఏ ఫిర్యాదూ లేదు. పది గంటలన్నది హాలు మాట్లాడుకున్న రోజునే తెలిసిన సంగతి. రాత్రి తొమ్మిది యాభైకి హఠాత్తుగా ఊడిపడిన విపత్తులా దాన్ని గాయకుడి చేత మైకులో చెప్పించడమే బాగా లేదు.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. అయిదు బ్యాండ్లలో మొదటి మూడింటికి తలా అరగంట, నాలుగో దానికి నలభై నిమిషాలు, చివర వాయించే ప్రధాన బ్యాండ్‌కు, అంటే హెడ్‌లైనర్‌కు, డెబ్బై నిమిషాలు ఇస్తే వాయించే సమయం మొత్తం 200 నిమిషాలు. బ్యాండ్‌కూ బ్యాండ్‌కూ మధ్య సామాను మార్చడానికి ఇరవై నిమిషాల చొప్పున నాలుగు విరామాలు కలిపితే 280 నిమిషాలు, అంటే నాలుగు గంటల నలభై నిమిషాలు. సరిగ్గా అయిదింటికి మొదలుపెడితే 9.40కి ముగుస్తుంది, చేతిలో ఇంకా ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఆరింటికి మొదలుపెడితే నలభై నిమిషాలు ఎక్కడి నుంచో కోయాలి. హెడ్‌లైనర్‌ను కోస్తే టికెట్ కొన్నవాళ్లు ఊరుకోరు, నాలుగో బ్యాండ్ వేరే ఊరి నుంచి వచ్చింది కాబట్టి మొహమాటం అడ్డొస్తుంది, అందువల్ల కోత నేరుగా మొదటి మూడు స్థానిక బ్యాండ్ల మీద పడుతుంది. నెలల తరబడి సాధన చేసి, సొంత డబ్బుతో గిటారు తీగలు కొనుక్కుని, ఆఫీసులో సెలవు పెట్టి వచ్చిన నలుగురు కుర్రాళ్లకు ఆరు పాటల బదులు మూడు పాటలు మిగులుతాయి.

ఆ మూడు పాటలైనా సరిగ్గా వినిపిస్తాయా అంటే అదీ లేదు. ఈ మధ్య ఒక హాల్లో మొదటి బ్యాండ్ వాయిస్తుండగా వేదికకు ఆనుకుని నిలబడ్డాను. గిటారిస్టు వేళ్లు తీగల మీద పరుగెడుతున్నాయి, నాకు వినిపిస్తున్నది మాత్రం బాస్ డ్రమ్ ఒక్కటే. మూడో పాట మధ్యలో గాయకుడు మైకు పక్కకు దించి, గిటారు వినబడుతోందా అని చేత్తో సైగ చేసి అడిగితే ముందు వరుసలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా తల అడ్డంగా ఊపారు. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కో వాద్యం శబ్దాన్నీ సరిచేసే మిక్సర్ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి సౌండ్ ఇంజినీరు టీ గ్లాసుతో వచ్చి, గ్లాసు పక్కన పెట్టి, ఒక మీట కొద్దిగా పైకి జరిపాడు. అప్పటిదాకా లేని గిటారు ఉన్నట్టుండి హాల్లోకి వచ్చింది. జనం సంతోషం పట్టలేక అరిచారు. ఆ అరుపు ఇంకా అణగకముందే వేదిక పక్క నుంచి ఒకాయన రెండు వేళ్లు చూపించాడు, ఇక రెండు నిమిషాలే అని.

ఆ ఇంజినీరును నేను తప్పుపట్టను. ఆయన ఉదయం నుంచి నిలబడే ఉండి ఉంటాడు. తప్పు సౌండ్ చెక్ (కచేరీకి ముందు ఒక్కో బ్యాండ్ శబ్దం సరిచూసుకోవడం) వరుస తప్పడంలో ఉంది. మామూలుగా హెడ్‌లైనర్ ముందుగా సౌండ్ చెక్ చేసుకుంటుంది, తర్వాత దానికి ముందు వాయించే బ్యాండ్, అలా వెనక్కి వస్తూ చివరికి అందరికంటే ముందు ఎక్కవలసిన బ్యాండ్ వంతు వస్తుంది. చివర చెక్ చేసుకున్న బ్యాండ్ సామాను కదపకుండా అలాగే కచేరీ మొదలుపెట్టవచ్చు కాబట్టి ఈ పద్ధతి సబబైనదే. కానీ హెడ్‌లైనర్ విమానం దిగి, హోటల్‌కు వెళ్లి, భోంచేసి రెండు గంటలు ఆలస్యంగా వస్తే చివరి వంతు మొత్తంగా ఎగిరిపోతుంది. తలుపులు తెరిచాక, జనం లోపలికి వస్తుండగా, ఒక్కో వాద్యాన్నీ ఒకసారి మోగించి చూసుకునే లైన్ చెక్‌తోనే మొదటి బ్యాండ్ వేదిక ఎక్కాల్సి వస్తుంది.

వేరే సంగీతానికైతే ఇది సర్దుకుపోయే ఇబ్బందే. ఎక్స్‌ట్రీమ్ మెటల్‌కు అది కుదరదు. ఇందులో గిటార్ల శ్రుతి బాగా కిందికి దించి ఉంటుంది, డ్రమ్మర్ రెండు కాళ్లతో బాస్ డ్రమ్‌ను ఎడతెగకుండా వాయిస్తుంటాడు, గాయకుడు అసలు స్వరతంత్రులకు పైన ఉండే మడతల్ని కూడా కంపింపజేసి ఆ గొంతు పుట్టిస్తాడు. (ఆ గొంతు విని దయ్యం పట్టిందా అని అడిగే మేనమామ మనలో ప్రతి ఒక్కరికీ ఒకరుంటారు, ఆయనకు ఇంత వివరం చెప్పి లాభం లేదు.) ఇవన్నీ దాదాపు ఒకే కింది స్థాయిలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. వాటిని విడదీసి ఒక్కోదానికీ చోటు చూపించడమే మిక్సింగ్ పని. ఆ పని జరగకపోతే మొత్తం రోకలి దంచినట్టు వినిపిస్తుంది, కొత్తగా వచ్చినవాడు ఈ సంగీతమంతా ఇంతేనని అనుకుని మళ్లీ రాడు. అయిదు బ్యాండ్లూ ఒకే డ్రమ్ కిట్, ఒకే యాంప్లిఫయర్లు పంచుకునేట్టు ముందే మాట్లాడుకుంటే, డ్రమ్మర్లు స్నేర్, సింబల్స్, పెడల్స్ మాత్రం తమవి తెచ్చుకుంటే, ఒక్కో బ్యాండ్ అమరికను డిజిటల్ మిక్సర్‌లో దాచిపెట్టుకుంటే ఇరవై నిమిషాల విరామం నిజంగానే ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. వాకెన్‌లో రెండు పెద్ద వేదికలు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని మీద బ్యాండ్ వాయిస్తుండగా రెండోదాని మీద తర్వాతి బ్యాండ్ సామాను సిద్ధమవుతుంది. అంత డబ్బు మన దగ్గర లేదు. సామాను పంచుకోవడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు, నలుగురు డ్రమ్మర్లను ఒక వారం ముందు ఫోన్‌లో కలిపితే చాలు.

మిక్సింగ్ కుదరనప్పుడు చాలామంది చేసే పని మొత్తం శబ్దాన్ని పెంచడం. స్పష్టత లేనిచోట శబ్దం పెంచితే గజిబిజి కూడా అంతే పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ వేదికల కోసం ఒక ప్రమాణం విడుదల చేసింది. పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెళ్లు దాటకూడదనీ, శబ్దాన్ని సరైన మీటరుతో కచేరీ సాగుతున్నంతసేపూ కొలవాలనీ, చెవుల రక్షణకు ఇయర్ ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలనీ, కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఉండాలనీ అందులో ఉంది. నాలుగున్నర గంటలు స్పీకర్ల ముందు నిలబడేవాళ్లకు ఇవి విలాసాలు కావు. బ్యాండ్ల సరుకు అమ్మే మర్చ్ బల్ల మీద టీషర్టుల పక్కన ఇయర్ ప్లగ్‌ల డబ్బా ఒకటి పెట్టండి. ఊరికే ఇవ్వనక్కర్లేదు, మేం కొనుక్కుంటాం. కచేరీ మర్నాడు చెవుల్లో గుయ్యిమనడాన్ని గొప్పగా చెప్పుకునే అలవాటు మా శ్రోతల్లో ఉన్న మాట నిజమే, అది మేం మానుకోవలసిన అలవాటు.

వేదిక ముందు శ్రోతలు ఒకరినొకరు ఢీకొంటూ ఊగిపోయే మోష్ పిట్ గురించి బయటివారికి ఉన్న భయం మీకు ఉండదు. ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే చేతులు అడ్డం పెట్టి ఖాళీ చేస్తారు, ఇద్దరు చంకల కింద పట్టుకుని లేపుతారు, ఊడిపోయిన బూటునో, కళ్లజోడునో ఎవరో ఒకరు పైకెత్తి పట్టుకుని పోగొట్టుకున్నవాడు వచ్చేదాకా అలాగే నిలబడతారు. ఈ క్రమశిక్షణ ఎవరూ రాసిపెట్టింది కాదు, పాతవాళ్లను చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటున్నది. 2013లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలు ఇటువంటి కచేరీల వీడియోలు పరిశీలించి, పిట్‌లో మనుషుల కదలిక వాయువులోని అణువుల కదలికను పోలి ఉంటుందనీ, సర్కిల్ పిట్‌లో అదే గుంపు సుడిలా తిరుగుతుందనీ చూపించారు. మామూలు మాటల్లో చెప్పుకోవాలంటే దానికి చోటు కావాలి. ఆలస్యం జరిగిన రోజున ఆ చోటే ఉండదు. మొదటి బ్యాండ్ల సమయం ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ ఏడున్నరకు ఒక్కసారే వచ్చిపడతారు, ఒకే తలుపు దగ్గర బ్యాగుల తనిఖీ, మణికట్టుకు పట్టీ కట్టడం, డబ్బు చెల్లింపు అన్నీ కలిసి పేరుకుపోతాయి, ఆడవాళ్ల తనిఖీకి ఉన్న ఒక్క మనిషి దగ్గర వరుస రోడ్డు దాకా పోతుంది. బయట అలా నలిగినవాళ్లే లోపలికి వచ్చి వేదిక ముందుకు తోసుకుంటారు. బయటి నుంచి నీళ్ల సీసా తేనివ్వరు, లోపల నీళ్లు దొరికే చోటుకు వెళ్తే నిలబడిన చోటు పోతుంది. పడినవాణ్ని లేపడానికి కూడా చోటు లేనప్పుడు మా క్రమశిక్షణ ఎంత గొప్పదైతే ఏం లాభం?

జనం, సమయం, సమాచారం ఈ మూడూ కలిసి చెడితే ఏమవుతుందో మన దేశంలో మెటల్ అభిమానులు ఒకసారి చూశారు. 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో అమెరికన్ బ్యాండ్ మెటాలికా కచేరీకి వేలమంది వచ్చి గంటల తరబడి ఎదురుచూశాక, భద్రతా కారణాలతో అది మొదట వాయిదా అన్నారు, తర్వాత రద్దయింది. కోపం పట్టలేని గుంపు వేదిక మీది సామాను ధ్వంసం చేసింది. రెండు రోజుల తర్వాత అదే బ్యాండ్ బెంగళూరులో నిరాటంకంగా వాయించింది. దానికి భిన్నమైన ఉదాహరణ 2023లో వాకెన్‌ది. ఎడతెరిపి లేని వానకు మైదానమంతా బురద అయిపోయినప్పుడు నిర్వాహకులు కొత్తగా ఎవరినీ రానివ్వబోమని ప్రకటించి, దారిలో ఉన్నవాళ్లను వెనక్కి వెళ్లమన్నారు, లోపలికి రాలేనివాళ్లకు టికెట్ డబ్బు తిరిగి ఇచ్చారు. వేలమంది నిరాశపడ్డారు, అయినా ఉత్సవం ప్రశాంతంగా సాగింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో 2024 డిసెంబరులో, చిన్నస్వామి స్టేడియం బయట 2025 జూన్‌లో జరిగిన తొక్కిసలాటల తర్వాత, జనం గుమిగూడే ఏ కార్యక్రమానికైనా పోలీసులు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగడం సహజం. నల్ల టీషర్టులు, పుర్రెల బొమ్మలు చూసి అడిగే ప్రశ్నలు ఇంకో నాలుగు ఉంటాయి. బ్యాండ్ల సమయాలు, తలుపులు తెరిచే వేళ, ముగిసే వేళ రాసి ఉన్న ఒక్క కాగితం మీ చేతిలో ఉంటే ఆ సంభాషణ వేరుగా నడుస్తుంది.

మీ వైపు నుంచి వచ్చే జవాబు ఒకటి నాకు తెలుసు, అందులో నిజం కూడా ఉంది. సమయం చెబితే జనం హెడ్‌లైనర్ వేళకే వస్తారు, మొదటి బ్యాండ్లకు హాలు ఖాళీగా ఉంటుంది, అందుకే చెప్పడం లేదని మీరంటారు. చెప్పకపోయినా ఖాళీగానే ఉంటోంది కదా! నాలుగింటికి అని పోస్టర్ మీద వేసి ఆరింటికి మొదలుపెట్టే కచేరీలు కొన్ని చూశాక ఎవరైనా ఏడింటికే రావడం నేర్చుకుంటారు. వేళకు మొదలవుతుందన్న నమ్మకం కుదిరితే ముందుగా వచ్చేవాళ్లు పెరుగుతారు. ఎందుకంటే ఈ సంగీతం వినేవాళ్లలో కొత్త బ్యాండ్‌ను అందరికంటే ముందు నేనే విన్నానని చెప్పుకోవాలనే సరదా మిగతా శ్రోతలకంటే ఎక్కువ. పైగా మీ శ్రోతలందరూ ఆ ఊరివాళ్లే కారు. బెంగళూరు కచేరీలకు హైదరాబాద్, విజయవాడల నుంచి రాత్రి బస్సుల్లో వచ్చేవాళ్లున్నారు, అనంతపురం, హిందూపురాల నుంచి పొద్దున్నే బయల్దేరి అదే రాత్రి వెనక్కి వెళ్లేవాళ్లున్నారు. వాళ్లు తిరుగు టికెట్ కచేరీకి ఎన్నో రోజుల ముందే తీసుకోవాలి. ఎన్నింటికి ముగుస్తుందో తెలియక హెడ్‌లైనర్ మొదటి రెండు పాటలు విని, వీపున సంచి తగిలించుకుని మెజెస్టిక్ బస్టాండుకు పరుగెత్తే కుర్రాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. వాళ్లు టికెట్‌కు, దారిఖర్చులకు పెట్టినంత డబ్బు ఊళ్లోవాళ్లెవరూ పెట్టరు.

కాబట్టి తర్వాతి కచేరీకి టికెట్లు పెట్టేటప్పుడే తలుపులు తెరిచే వేళ, కచేరీ ముగిసే వేళ ప్రకటించమనీ, కచేరీకి కనీసం మూడు రోజుల ముందు ప్రతి బ్యాండ్ ఎక్కే వేళతో పట్టిక విడుదల చేయమనీ కోరుతున్నాను. హెడ్‌లైనర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడే సౌండ్ చెక్ వేళ అందులో చేర్చండి, ఆ వేళ దాటితే తమ వంతు సమయాన్నే వదులుకోవాలని స్పష్టంగా రాయించండి. అనుకోని ఆలస్యం జరిగి కోత తప్పనిసరైతే అది అన్ని బ్యాండ్లకూ సమానంగా పడాలి. వేదికల యజమానులకు విడిగా ఒక మాట: హాలును మధ్యాహ్నం మూడింటి దాకా వేరే విందుకు అద్దెకిచ్చి, నాలుగింటికి మెటల్ కచేరీ మొదలుకావాలంటే ఏ నిర్వాహకుడి వల్లా కాదు, ఆ రోజు ఉదయం నుంచే హాలు అప్పగించండి, దానికి అద్దె కొంత పెంచినా ఆ భారం టికెట్‌లో కలపవచ్చు.

వేళల పట్టిక గోడకు అంటించడానికి, మర్చ్ బల్ల దగ్గర ఇయర్ ప్లగ్‌లు అమ్మడానికి, విరామాల్లో డ్రమ్ కిట్ మోయడానికి మనుషులు తక్కువైతే అడగండి. మధ్యాహ్నమే వచ్చి ఉచితంగా పనిచేసేవాళ్లు మా శ్రోతల్లో కావలసినంతమంది ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇట్లు,
మీ కచేరీలకు వచ్చే ఒక శ్రోత,
హైదరాబాద్.